రెండు చోట్లా 48 అనే ఉంది, అయినా టక్ టక్ ఎందుకొస్తోంది?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకున్నారు. మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఒకటి ఉంది. మైకులు చాలక ఎనిమిది చానెళ్ల ప్రీయాంప్ (మైకు శబ్దాన్ని పెంచే పెట్టె) కొని, ఒక ఆప్టికల్ కేబుల్‌తో దాన్ని ఇంటర్‌ఫేస్‌కి కలిపారు. అక్కడి నుంచి మూడు తలనొప్పులు. ఒకటి: రెండు మూడు సెకన్లకోసారి సన్నగా టక్ మంటోంది, బఫర్ (కంప్యూటర్ ఆడియోని కాసేపు దాచుకునే చోటు) 128 నుంచి 1024 దాకా పెంచినా పోలేదు. రెండు, మిత్రుడు పంపిన వేణువు ట్రాక్ మీ ప్రాజెక్టులో తెరిస్తే శ్రుతి దిగిపోయి సాగదీసినట్టు వినిపిస్తోంది. మూడు, డెబ్బై నిమిషాల కచేరీ ఆడియోని వీడియోకి జోడిస్తే మొదట్లో బాగానే ఉంది, మంగళం దగ్గరికొచ్చేసరికి పెదాలకీ పాటకీ పొంతన లేదు. "ప్రీయాంప్ మీదా 48 కిలోహెర్ట్జ్, ఇంటర్‌ఫేస్ మీదా 48, కెమెరాలోనూ 48. ఇంకేం మార్చాలి?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: 48 అన్న అంకె ఒకటే అయినంత మాత్రాన రెండు పెట్టెల క్లాక్ (లోపల వేళ చెప్పే గడియారం) ఒకటే అయిపోదు. మీ ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, క్లాక్ సోర్స్ లేదా సింక్ సోర్స్ అని ఉన్న చోట ఇంటర్నల్ తీసేసి ఆప్టికల్ (కొన్నింటిలో ఆడాట్ అని ఉంటుంది) పెట్టండి. ప్రీయాంప్ వెనక ఉన్న స్విచ్‌ని ఇంటర్నల్ 48 మీదే ఉంచండి. ఈ ఒక్క మార్పుతో మొదటి తలనొప్పి పోతుందని దాదాపు నమ్మకంగా చెప్పగలను. మిగతా రెండూ దీనికి చుట్టాలే, కానీ వాటి మందు వేరు.

ఎందుకో చెబుతాను. 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి 48,000 సార్లు శబ్దాన్ని కొలవడం. ఆ కొలతకి వేళ చెప్పేది పెట్టెలో ఉండే ఒక చిన్న క్రిస్టల్. ఏ రెండు క్రిస్టళ్లూ కచ్చితంగా ఒకే వేగంతో కొట్టుకోవు. ఒకటి సెకనుకి 48,000 కొలిస్తే ఇంకొకటి 48,000.5 కొలుస్తుంది. మనిషికి ఆ తేడా లెక్కలోనిది కాదు, యంత్రానికి లెక్కే. భజనలో ఇద్దరు తాళాలు పట్టుకుని, ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా ఎవరి లెక్కలో వాళ్లు వేస్తున్నారనుకోండి. ఇద్దరిదీ ఆదితాళమే, ఇద్దరిదీ ఒకే కాలమే. అయినా నాలుగో చరణానికి వాళ్లు కలవరు. ఎవరో ఒకరి చేతిలోనే తాళం ఉండాలి, మిగతావాళ్లు ఆ చేతిని చూడాలి.

మీ దగ్గర జరుగుతున్నది అదే. ప్రీయాంప్ తన తాళంలో శాంపుల్స్ (ఆ విడి విడి కొలతలు) పంపుతోంది. ఇంటర్‌ఫేస్ తన తాళంలో అందుకుంటోంది. ప్రీయాంప్ కాస్త చురుకుగా ఉంటే కాసేపటికి ఒక శాంపుల్ ఎక్కువై కూర్చుంటుంది, దాన్ని ఇంటర్‌ఫేస్ పారేస్తుంది. నెమ్మదిగా ఉంటే ఒక శాంపుల్ తక్కువ పడుతుంది, అప్పుడు పాతదాన్నే రెండోసారి వాడుకుంటుంది. ఆ పారేసిన చోట, అతికించిన చోట వచ్చేదే మీ టక్. మీరు చెప్పిన రెండు సెకన్ల విరామాన్ని పట్టి లెక్క కూడా కట్టొచ్చు: రెండు సెకన్లకి 96,000 శాంపుల్స్, అందులో ఒకటి తేడా. అంటే రెండు క్రిస్టళ్ల మధ్య తేడా పది లక్షలకి పది. ఇంత తేడా మంచి సామానులో కూడా మామూలే. మీ పెట్టె పాడైందని టెన్షన్ పడకండి, వాపసు ఇవ్వడానికి పరుగెత్తకండి.

బఫర్ టక్కా, క్లాక్ టక్కా అని తేల్చుకోవడం ముఖ్యం, ఎందుకంటే అందరూ ముందు బఫర్ మీదే పడతారు. బఫర్ చాలకపోతే వచ్చే టక్కులకి వేళాపాళా ఉండదు. ల్యాప్‌టాప్ మీద భారం పెరిగితే అవీ పెరుగుతాయి, వచ్చినప్పుడు అన్ని చానెళ్లలో ఒకేసారి వస్తాయి. క్లాక్ టక్కులు ఇంచుమించు సమాన దూరంలో వస్తాయి, బఫర్ ఎంత పెంచినా తగ్గవు. పైగా ఆప్టికల్ మీద వచ్చే ఎనిమిది చానెళ్లలోనే ఉంటాయి, ఇంటర్‌ఫేస్ సొంత మైకు చానెళ్లు శుభ్రంగా ఉంటాయి. ఈ చివరి గుర్తు ఒక్కటి చాలు.

ఇంకా అనుమానం ఉంటే నేను చేసే పరీక్ష ఇది. ఫోన్‌లో ఏదైనా టోన్ యాప్ పెట్టి 1000 హెర్ట్జ్ సైన్ టోన్ మోగించి, వైరుతో ప్రీయాంప్ లైన్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. ఒక నిమిషం రికార్డ్ చేయండి. టక్ వినిపించిన చోటికి వెళ్లి, విడి విడి శాంపుల్స్ చుక్కలుగా కనిపించేదాకా జూమ్ చేయండి. 48లో 1000 హెర్ట్జ్ అంటే ఒక్కో అలకి 48 చుక్కలు. నున్నగా పైకి లేచి కిందికి దిగుతున్న అల ఒక్క చోట మెట్టు జారినట్టు గెంతుతుంది. ఆ అలలో చుక్కలు లెక్కపెడితే 47 ఉంటాయి, లేకపోతే 49. దువ్వెనలో ఒక పన్ను ఊడితే ఎలా కనిపిస్తుందో అలాగే. అది కంటితో చూశాక ఇక డ్రైవర్లు మార్చడం, విండోస్ మళ్లీ ఎక్కించడం లాంటి పనుల జోలికి వెళ్లరు.

నేను ఆ పనులన్నీ చేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను కాబట్టే ఇంత చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక డప్పు బృందాన్ని రికార్డ్ చేశాం, ఎనిమిది మైకులు, అన్నీ ఇలాంటి ప్రీయాంప్ మీదే. అంతా బాగుందనుకున్నాం. మర్నాడు అదే సెటప్ మీద వీణ. మీటు వేశాక తీగ మోగుతూ సన్నబడే ఆ నిడివిలో టక్, మళ్లీ టక్. ఆవిడ వీణ కింద పెట్టి, "బాబూ, నా మెట్ల దగ్గర ఏమైనా చప్పుడవుతోందా?" అని అడిగారు. మైకు మార్చాం, కేబుల్ మార్చాం, ఫ్యాన్ ఆపాం, ల్యాప్‌టాప్ మార్చాం. చివరికి ప్రీయాంప్ వెనక ఉన్న చిన్న స్విచ్, ఇంటర్‌ఫేస్‌లో ఉన్న క్లాక్ సోర్స్, రెండూ ఇంటర్నల్ మీద ఉన్నాయని చూశాను. అప్పుడు డప్పు రికార్డింగ్ మళ్లీ తెరిచి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీల్లో వెతికితే అక్కడా ఉన్నాయి. డప్పు దెబ్బల కింద వినపడలేదంతే. తంబూరా, వీణ, వేణువు, సాగదీసి పాడే గొంతు, వీటిలో ఈ టక్కు దాక్కోలేదు. అందుకే కొత్త సెటప్‌ని ఎప్పుడూ శ్రుతి పెట్టెతోనో తంబూరాతోనో పరీక్షించండి, వాయిద్యం ఎంత గట్టిదైతే పరీక్ష అంత బలహీనం.

సరే, ఎవరు మాస్టర్ (తాళం పట్టుకునేవాళ్లు) అవ్వాలి అన్నది మీ కేబుళ్లే చెబుతాయి. మీ దగ్గర ఒకే ఆప్టికల్ కేబుల్ ఉంది, అది ప్రీయాంప్ నుంచి ఇంటర్‌ఫేస్‌కి వస్తోంది. ఆ కేబుల్‌లో ఆడియోతో పాటు క్లాక్ కూడా ప్రయాణిస్తుంది, కానీ ఒక వైపే. కాబట్టి ప్రీయాంప్ మాస్టర్, ఇంటర్‌ఫేస్ దాన్ని అనుసరించాలి, ఇంకో దారి లేదు. ఇంటర్‌ఫేసే మాస్టర్ కావాలంటే దాని ఆప్టికల్ అవుట్ నుంచి ప్రీయాంప్ ఆప్టికల్ ఇన్‌కి రెండో కేబుల్ వేయాలి, లేదా రెండింటికీ వర్డ్ క్లాక్ (క్లాక్‌ని మాత్రమే మోసే) సాకెట్ ఉంటే బీఎన్‌సీ కేబుల్ వేయాలి. అప్పుడు ప్రీయాంప్ స్విచ్‌ని కూడా దానికి తగ్గట్టు మార్చాలి. కేబుల్ వేసి స్విచ్ మరిచిపోయినవాళ్లని చాలామందిని చూశాను.

ప్రీయాంప్ మాస్టర్ అయితే ఒక చిక్కుంది. ఏదో ఒక రోజు ఒక్క మైకే చాలని ప్రీయాంప్ ఆన్ చేయరు. అనుసరించడానికి తాళం లేక ఇంటర్‌ఫేస్ మూగబోతుంది, లేదా సాఫ్ట్‌వేర్ "పరికరం దొరకలేదు" అంటుంది. కంగారు పడకుండా క్లాక్ సోర్స్‌ని ఇంటర్నల్‌కి మార్చుకోండి, మళ్లీ ప్రీయాంప్ వాడే రోజు వెనక్కి తిప్పండి. ఆన్ చేసే వరుస కూడా అలవాటు చేసుకోండి: ముందు ప్రీయాంప్, తర్వాత ఇంటర్‌ఫేస్, సింక్ లేదా లాక్ లైటు నిలకడగా వెలిగాక సాఫ్ట్‌వేర్. లైటు మినుకు మినుకుమంటుంటే రికార్డ్ నొక్కకండి.

ఇంతకంటే చెడ్డ తప్పు ఒకటుంది. ప్రీయాంప్ స్విచ్ 44.1 (సెకనుకి 44,100 శాంపుల్స్) మీద ఉండి, ఇంటర్‌ఫేస్ దాన్ని అనుసరిస్తూ, సాఫ్ట్‌వేర్ మాత్రం 48 అనుకుంటూ ఉంటే టక్కులు రావు. రికార్డ్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్‌లో అంతా సవ్యంగానే వినిపిస్తుంది. కానీ ఫైల్ మీద 48 అనే ముద్ర పడుతుంది, లోపలున్నది 44.1 సరుకు. ఇంకో చోట తెరిచినప్పుడు శ్రుతి పైకెక్కి, పాట పరుగెడుతుంది. చాలా ఇంటర్‌ఫేసులు ఇప్పుడు ఈ తేడా పట్టుకుని హెచ్చరిస్తాయి, అన్నీ కాదు.

ఇక మీ వేణువు ట్రాక్. ఇది దానికి తలకిందులు. మిత్రుడు 48లో వాయించి పంపారు, మీ ప్రాజెక్టు ఏ కారణంగానో 44.1లో తెరుచుకుంది, సాఫ్ట్‌వేర్ మార్పిడి చేయకుండా ఉన్నది ఉన్నట్టు చదివేసింది. ఒకసారి ప్రాజెక్ట్ సెట్టింగ్స్ చూడండి, అన్ని చోట్లా 48 పెట్టానన్నారు కానీ పాత టెంప్లేట్ నుంచి తెరిచి ఉంటే అందులో 44.1 మిగిలిపోయి ఉండొచ్చు. ఈ తప్పుని చెవితోనే పట్టొచ్చు. 48ని 44.1గా చదివితే శ్రుతి దాదాపు ఒకటిన్నర మెట్టు దిగుతుంది, సరిగ్గా చెప్పాలంటే 1.47 సెమిటోన్లు. రెండు శ్రుతిలో పాడినవారు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య పడతారు. హార్మోనియం ముందు పెట్టుకుంటే ఏ మెట్టుకీ కలవదు. నిడివి కూడా గుర్తే: గంట పాట 65 నిమిషాల 18 సెకన్లు అవుతుంది. తలకిందులైతే గంట పాట 55 నిమిషాల చిల్లరకి ముగుస్తుంది. మిత్రుణ్ని నిడివి అడగండి, మీ దగ్గరున్న నిడివిని దాంతో భాగించండి. 1.088 వచ్చిందంటే అనుమానం అక్కర్లేదు.

దీన్ని సరిచేసేటప్పుడు చాలామంది ఇంకో తప్పు చేస్తారు. శ్రుతి దిగింది కదా అని పిచ్ షిఫ్ట్ ప్లగిన్ వేసి పైకి లాగుతారు. వేణువులో గాలి శబ్దం అంతా పాడవుతుంది. అవసరం లేదు. మిత్రుడి ఫైల్ లోపల సరిగ్గానే ఉంది. 48 ప్రాజెక్టులో మళ్లీ ఇంపోర్ట్ చేస్తే చాలు, లేదా 44.1 ప్రాజెక్టే కావాలంటే ఇంపోర్ట్ చేసేటప్పుడు సరైన మార్పిడి చేయించండి. పైన చెప్పిన ముద్ర తప్పు పడిన ఫైల్ విషయంలో మాత్రం మార్పిడి చేయకూడదు, ముద్ర మార్చాలి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ మెనూలో రేట్ అని ఉంటుంది, అక్కడ 44100 ఎంచుకుంటే శాంపుల్స్‌ని ముట్టుకోకుండా చదివే వేగం ఒక్కటే మారుతుంది. అదే సాఫ్ట్‌వేర్‌లో రీశాంపుల్ అని ఇంకొకటుంది, అది మార్పిడి. రీశాంపుల్ చేస్తే తప్పు వేగం తప్పుగానే స్థిరపడిపోతుంది. రెండు మాటలూ ఒకటేననిపిస్తాయి, చూసి నొక్కండి.

అసలు ఈ రెండు రేట్లు ఎందుకొచ్చాయని కొత్తవాళ్లు అడుగుతుంటారు. తొలి రోజుల్లో డిజిటల్ ఆడియోని దాచడానికి వీడియో టేపే దిక్కు. వీడియో బొమ్మలో ఒక్కో గీతకి మూడు శాంపుల్స్ పెట్టేవాళ్లు. అమెరికా, జపాన్ పద్ధతిలో సెకనుకి 60 ఫీల్డులు (ఒక్కో ఫీల్డు సగం బొమ్మ), ఒక్కో దానిలో వాడుకునే గీతలు 245. 60, 245, 3 హెచ్చిస్తే 44,100. మన దేశంలోలాగా సెకనుకి 50 ఫీల్డులుండే పద్ధతిలో 294 గీతలు. 50, 294, 3 హెచ్చించినా అదే 44,100. 1982లో సీడీ వచ్చినప్పుడు ఆ అంకే దానికి అంటుకుంది. వీడియో, సినిమా వైపు 48 స్థిరపడింది. మీరు వీడియోతో పనిచేస్తున్నారు కాబట్టి అన్నీ 48లోనే చేయండి, 44.1ని మరిచిపోండి. 96 జోలికి వెళ్లాలనుకుంటే మాత్రం, ఆ ఆప్టికల్ కేబుల్ మీద ఎనిమిది చానెళ్లు నాలుగైపోతాయని గుర్తుంచుకోండి.

మూడోది, వీడియో. ఇక్కడ కేబులే లేదు, కాబట్టి క్లాక్ కలిపే అవకాశమూ లేదు. కెమెరా తన క్రిస్టల్ మీద, మీ రికార్డింగ్ తన క్రిస్టల్ మీద నడిచాయి. పది లక్షలకి 50 తేడా ఉంటే గంటకి 180 మిల్లీసెకన్లు జరుగుతుంది. సెకనుకి 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు, అంటే నాలుగు ఫ్రేములకి పైనే. పెదాల దగ్గర అది కచ్చితంగా కనిపిస్తుంది. దీనికి సెట్టింగ్ లేదు, తర్వాత కొలిచి సరిచేయడమే.

కోనసీమలో ఒక గుళ్లో హరికథ తీశాం, రెండు గంటల ఇరవై నిమిషాలు. అక్కడ నాకు క్లాపర్ బోర్డు అక్కర్లేకపోయింది, దాసుగారి చేతిలో చిడతలున్నాయి. ప్రార్థన కాగానే వేసిన మొదటి దెబ్బ, చివర మంగళానికి వేసిన ఆఖరి దెబ్బ, రెండూ కెమెరాలో కంటికి కనిపిస్తాయి, రికార్డర్‌లో సూది మొనలాగా నిలబడతాయి. కెమెరాలో ఆ రెండు దెబ్బల మధ్య 8400 సెకన్లు, రికార్డర్‌లో 8400.42. ఆడియోని ఆ 0.42 సెకన్ల మేర కుదిస్తే మొదటి నుంచి చివరి దాకా అతికినట్టు కూర్చుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆల్ట్ నొక్కి పట్టుకుని క్లిప్ అంచుని లాగితే చాలు, కానీ ముందు ప్రిజర్వ్ పిచ్ టిక్కు తీసేయండి. అది ఉంటే సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని ముక్కలు చేసి అతుకుతుంది, చిడతల మొన మొద్దుబారుతుంది. తీసేస్తే శ్రుతి మారదా అంటే, మారుతుంది. సెమిటోన్‌లో వెయ్యో వంతు కూడా మారదు, ఏ విద్వాంసుడి చెవికీ అందదు.

మీది కచేరీ కాబట్టి ఇంకా తేలిక. కీర్తనకీ కీర్తనకీ మధ్య చప్పట్లు, శ్రుతి చూసుకోవడం ఉంటాయి. అక్కడ ఆడియోని కోసి, ఒక్కో కీర్తననీ దాని మొదటి మృదంగం దెబ్బకి కలుపుకోండి. పావుగంట కీర్తనలో తేడా ఒక ఫ్రేము చుట్టుపక్కలే, ఎవరికీ కనిపించదు. రాగం, తానం, పల్లవి లాంటి పెద్దది ఉంటే దానికి మాత్రం పైన హరికథకి చేసిన లెక్క వాడండి.

వీడియో ఫోన్‌తో తీసి ఉంటే ముందు ఇంకో పని. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేట్‌ని అటూ ఇటూ మారుస్తూ తీస్తాయి, అందువల్ల తేడా ఒకే తీరుగా పెరగదు, ఒక చోట ముందుకీ ఒక చోట వెనక్కీ వెళుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి ఒకసారి మార్చుకుని, ఆ తర్వాతే జోడించండి. టైమ్‌కోడ్ (రికార్డింగ్ మీద వేళ ముద్ర వేసే) పెట్టెలు కొంటే పోతుందా అని కూడా కొందరు అడుగుతారు. టైమ్‌కోడ్ ఎక్కడున్నామో చెబుతుంది, ఎంత వేగంగా నడవాలో చెప్పదు. మొదలు కలుపుకోవడానికి హాయి, జారడాన్ని మాత్రం దానంతట అది ఆపదు.

చిన్న చిన్నవి కొన్ని. యూఎస్‌బీ మైకునీ ఇంటర్‌ఫేస్‌నీ ఒకేసారి వాడకండి, అవి రెండు క్లాకులు. మాక్‌లో రెండింటినీ అగ్రిగేట్ డివైస్‌గా కలిపి ఒకదానికి డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్కు పెట్టొచ్చు, తప్పనప్పుడు పనికొస్తుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌ని మైకుతో సహా ఎంచుకుంటే రేటు 16 కిలోహెర్ట్జ్‌కో 8కో పడిపోవచ్చు, రికార్డింగ్ వేళ దాన్ని ఆపేయండి. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో కూడా ఇంటర్‌ఫేస్‌ని 48కే పెట్టండి, లేకపోతే మధ్యలో బ్రౌజర్‌లో ఏదో పాట వినబోతే రేటు మారిపోయే ఇంటర్‌ఫేసులున్నాయి. వర్డ్ క్లాక్‌కి వాడేది 75 ఓమ్‌ల కేబులే అవ్వాలి, చూడ్డానికి ఒకేలా ఉండే 50 ఓమ్‌ల రకం బజారులో దొరుకుతుంది. వరుసలో చివరి పెట్టె దగ్గర 75 ఓమ్ టెర్మినేషన్ (సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపే చిన్న మూత లేదా స్విచ్) ఉండాలి. ఖరీదైన క్లాక్ పెట్టె కొనమని ఎవరైనా సలహా ఇస్తే, రెండే పెట్టెలున్న మీ గదికి అది అక్కర్లేదన్నది నా అభిప్రాయం. ఆ డబ్బుతో ఇంకో మంచి మైకు వస్తుంది.

ఇప్పటికే టక్కులతో రికార్డయినవాటి సంగతి. క్లాక్ ఇప్పుడు సరిచేసినా పాతవాటిలో పోయిన శాంపుల్స్ తిరిగి రావు. టక్కుల్ని వెతికి తీసేసే డీక్లిక్ ప్లగిన్ మొత్తం ట్రాక్ మీద వేయకండి, మృదంగం చాపు, వీణ మీటు అన్నీ టక్కులే అనుకుని నమిలేస్తుంది. స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని స్థాయిల వారీగా బొమ్మగా చూపేది) తెరవండి, నిలువు గీతలు సమాన దూరంలో కనిపిస్తాయి. ఒకటి దొరికితే తర్వాతిది ఎక్కడుంటుందో మీకు తెలుసు. ఒక్కోదాన్నీ పెన్సిల్ పనిముట్టుతోనో, ఆడాసిటీలో రిపేర్‌తోనో చేత్తో సరిచేయండి. అయిదు నిమిషాల పాటలో నూట యాభై దాకా ఉంటాయి, ఒక మధ్యాహ్నం పడుతుంది. గాయకులు మళ్లీ పాడగలిగితే మళ్లీ పాడించుకోవడమే మేలు. ముందు ఆ స్విచ్ చూసి, లాక్ లైటు నిలకడగా వెలుగుతోందో లేదో ఇక్కడ రాయండి. మినుకుమంటుంటే కేబుల్ రెండు చివర్లా ప్లాస్టిక్ మూతలు తీశారా లేదా అది కూడా చూడండి.